తీరము, పక్షి, కవి: విట్మన్ కావ్యమున నొక విచారము

సముద్రతీరమును వన్యపక్షులును కవులకు ప్రేరణ నొసగునను మాట సర్వసామాన్యము. అయిన నా ప్రేరణ కావ్యముగ పరిణమించు విధమును విమర్శకులు తఱచుగా విచారింపరు. అమెరికాకవి వాల్ట్ విట్మన్ (1819–1892) రచించిన ‘ఔట్ ఆఫ్ ది క్రేడిల్ ఎండ్‌లెస్‌లీ రాకింగ్’ అను ఖండకావ్యము ఈ విచారమునకు దగిన లక్ష్యమని మా యభిప్రాయము.

ఇతివృత్తము స్వల్పము. అలబామా నుండి వచ్చిన మాకింగ్ బర్డ్ జంట లాంగ్ ఐలండు తీరమున గూడు కట్టుకొనును. ఒకనాడు ఆడుపక్షి కానరాదు, మరల రాదు. మగపక్షి రాత్రులయందు ఒంటిగా విలపించును. ఆ విలాపమును వినిన బాలుడు తాను కవినగుటకే పుట్టితినని గుర్తించును. పిదప నతడు సముద్రము నొకమాట యడుగగా, అది ‘మృత్యువు’ అని మెల్లగా పలుకును.

ఈ కథ వినగనే తమసాతీరమందలి క్రౌంచవృత్తాంతము మనకు స్ఫురింపక మానదు. రామాయణమున నిషాదుని బాణమునకు గూలినది మగపక్షి. ధ్వన్యాలోకవృత్తియందలి ప్రసిద్ధపాఠమును బట్టి హతమైనది ఆడుపక్షి, ఆక్రందించినది మగపక్షి. ఈ పాఠము విట్మన్ కథకు మరింత సన్నిహితము. ఇంతమాత్రమున ఋణసంబంధము నూహించుట యుక్తము కాదు. సామ్యము విమర్శకు సాధనము మాత్రమే.

ముఖ్యమైన ప్రశ్న యేమన, కావ్యమైన యా శోకమెవ్వరిది? దానిని మునియొక్క సొంతశోకముగా నెంచరాదని అభినవగుప్తుడు లోచనమున హెచ్చరించెను. హృదయసంవాదముచే ఆస్వాద్యమైన శోకమే శ్లోకమగునని యాతని యాశయము. విట్మన్ బాలుడును ప్రియావియోగము నెఱుగడు. పెద్దవాడైన కవి యా గీతమును స్మరించి, దానిని మానవభాషలోనికి మార్చుచున్నాడు. వినుటకును పలుకుటకును నడుమ స్మృతి యను వ్యవధానము కలదు. కావ్యము పుట్టినది ఆ వ్యవధానమునందే.

శీర్షికల చరిత్ర మఱియొక విషయమును దెలుపును. 1859 డిసెంబరు 24న పత్రికయందు వెలువడినపుడు దీనిపేరు ‘ఒక బాలుని స్మృతి’ యను నర్థము గలది. 1860లో ‘సముద్రము నుండి యొకమాట’ యను నర్థము గలది. నేటి పేరు 1871 నాటిది. ప్రాధాన్యము బాలుని నుండి సముద్రమునకును, అటనుండి ఎడతెగక యూగు నుయ్యెలకును మారినది.

ఇట భేదమును గమనింపవలెను. వాల్మీకికథలో అపరాధి కలడు. కావున శోకము శాపముగ వెలువడెను. విట్మన్ కథలో నిషాదుడు కానరాడు. ఆడుపక్షి యేమైనదో యెవరును జూడలేదు. శపింప నెవడును లేనిచోట కవి ప్రశ్నింపవలసివచ్చెను. ప్రత్యుత్తర మిచ్చుటకు సముద్రము కావలసివచ్చెను. కావున తీరమిట వర్ణనాంగము గాదు, పాత్రయే.

ప్రకృతికవిత్వమును పరిశోధించువారు పక్షుల పేళ్లను, తీరవర్ణనలను పట్టిక వేయుటతో తృప్తినొందరాదు. ఆ పక్షిని, ఆ తీరమును తొలగించిన కావ్యము నిలుచునా యని యడుగవలెను. నిలిచినచో అవి అలంకారములు. నిలువనిచో అవియే ప్రేరణ.