జేబులోని వింతజీవులు – స్మృతిభావ విచారణము

ఆలంకారికులు చెప్పిన ముప్పదిమూడు సంచారిభావములలో స్మృతి యొకటి. ఏదో యొక వస్తువును చూచినంతనే యది మనసున మేల్కొనును; కాని చూచిన వస్తువే దానికి విషయమని చెప్ప వీలులేదు. ఉద్దీపనమునకును ఆలంబనమునకును గల యీ భేదమును గ్రహింపనిచో, బెంగుళూరున పెరిగి నేడు నడివయసున నడుగిడుచున్న తెలుగువారు తమ చిన్ననాటి పోకెమాన్ ఆటను తలచుకొని యేల కరగిపోవుదురో బోధపడదు. పెద్దల కది వట్టి బొమ్మలపిచ్చిగా తోచుటకు కారణ మిదియే.

ఆ యాట జపానున 1996 ఫిబ్రవరి 27న నింటెండో సంస్థవారి ‘గేమ్ బాయ్’ అను చేతిపెట్టెకై వెలువడెను. పేరునకు జేబులోని వింతజీవులని యర్థము. తెర చిన్నది, దానిపై కనిపించునవి నాలుగు ఛాయలు మాత్రమే. బాలుడొకడు గడ్డిలో తిరుగుచు జీవులను పట్టి, పెంచి, పోటీలకు దింపును. కథ స్వల్పము, చిత్రములు మోటు. ఆ రెంటిని బట్టియే తూచినచో నీ కృతికి గొప్ప స్థానము దక్కదు.

దాని బలము నిర్మాణమున నున్నది. ఎరుపు, ఆకుపచ్చ యను రెండు ప్రతులుగా నది విడుదలయ్యెను. ఒక ప్రతిలోని జీవులు కొన్ని రెండవదానిలో దొరకవు. మఱికొన్ని చేతులు మారిననేగాని తుదిరూపము దాల్చవు. కావున నెంత నేర్పరియైనను ఒంటరిగా తన సేకరణమును పూరింపజాలడు. రెండు పెట్టెలను తీగెతో కలుపవలెను. ఎదుట మరియొకడు కూర్చుండవలెను. ఆ కొఱతయే యీ కృతికి ప్రాణము.

కర్తయైన సతోషి తజిరి 1965లో జన్మించి, టోక్యో శివారునందలి మచిదలో పురుగులను పట్టుచు పెరిగెను. నగరము విస్తరించి చెరువులను, పొలములను మ్రింగివేసెను. తాను పొందిన యానందమును తరువాతి పిల్లల కందింప నాతడు సంకల్పించెను. చేతిపెట్టెలను కలుపు తీగెను చూచి, దాని వెంట పురుగు పాకిపోవునట్లు ఊహించెనని ప్రసిద్ధి. అనగా నీ యాట పుట్టుకయే స్మృతినుండి.

బెంగుళూరునకు నీ కథ కొత్తది కాదు. ధర్మాంబుధి చెరువు తావున నేడు కెంపేగౌడ బస్ స్టేషను గలదు. సంపంగి చెరువు తావున కంఠీరవ స్టేడియము వెలసినది. విదేశీ ఎలక్ట్రానిక్ వస్తువులకు పేరొందిన నేషనల్ మార్కెట్టు ఆ బస్ స్టేషనుకు చేరువనే యున్నది. పల్లెలనుండి వచ్చిన తెలుగు తండ్రులు తమ బాల్యమున తుమ్మచెట్టుపైని జీరంగిని అగ్గిపెట్టెలో దాచినవారు. తొలకరిని ఆరుద్రపురుగును అరచేత నడిపించినవారు. వారి పిల్లలకు మార్కెట్టున కొన్నదో, అమెరికానుండి మేనమామ తెచ్చినదో యొక చేతిపెట్టె దక్కెను. అగ్గిపెట్టెకు చేతిపెట్టె వారసురాలు.

ఈ వారసత్వమున నష్టము లేకపోలేదు. కేంబ్రిడ్జి పరిశోధకులు బ్రిటిష్ బాలలను పరీక్షించి 2002లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిన ఫలితముల ప్రకారము, ఎనిమిదేండ్ల పిల్లలు పోకెమాన్ జీవులను నూటికి 78 వంతున గుర్తింపగా, తమ దేశపు చెట్టుచేమలను, ప్రాణులను 53 వంతుననే గుర్తించిరి. లాల్‌బాగు తూనీగల విషయమున బెంగుళూరు బాలుని పరిజ్ఞాన మింతకంటె మేలని నమ్ముటకు ఆధారము లేదు. కాని తండ్రి యగ్గిపెట్టెను తెరచి చూపుటకు తోడొకడు వలసినట్లే, కుమారుని పెట్టెకును తోడు వలసెను. పురుగు మారినది, తోడు మారలేదు. కంప్యూటరుపై నీ యాటనే యొంటరిగా నాడినవారు తెరను తలచుకొందురు; తీగెతో నాడినవారు మేడమెట్లపై ప్రక్కన కూర్చున్న నేస్తమును తలచుకొందురు. పెట్టె ఉద్దీపనము, నేస్తము ఆలంబనము.

2016లో ఫోనులకై వెలువడిన ‘పోకెమాన్ గో’లో జీవుల మారకము 2018లోగాని చేరలేదు, చేర్చినప్పుడు ఇరువురును సమీపమున నుండవలెనని నియమము పెట్టబడెను. తీగె పోయినను తీగె ధర్మము మరల కావలసివచ్చెనన్నమాట.

పాత ఆటబిళ్ళలలో జీవుల వివరములను నిలుపునది యొక చిన్న బ్యాటరీ. అది యుడిగిననాడు, ఏండ్ల తరబడి కూర్చినదంతయు చెరిగిపోవును. కావున పాతపెట్టెను అధిక ధరకు కొని బీరువాలో నుంచుటచే నీ కోరిక తీరదు. తీగె రెండవ కొసన కూర్చుండిన వానిని వెదకి పలుకరింపవలెను. నేటి పిల్లలకును అట్టి తోడు దొరకునట్లు చూడవలెను.