శంకావిషము: రోగి వెఱపు, వైద్యుని వాక్కు

చరకసంహిత చికిత్సాస్థానమున విషచికిత్సను బోధించు 23వ యధ్యాయములో శంకావిషమను నొక ప్రకరణము కలదు. అది మిక్కిలి చిన్నది. విషవైద్యము చదువువారు సర్పజాతులను, విషవేగములను, అగదములను బరిశీలించుచు దీనిని దాఁటిపోవుట కలదు. కాని రోగభయముచేతఁ బీడింపఁబడువానికిని, వాని యింటివైద్యునికిని గల సంబంధమును విచారించుటకు నింతకంటె నుపయుక్తమైన స్థలము ప్రాచీనవైద్యగ్రంథములలో నరుదు. ఆ ప్రకరణార్థము కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల వాడుకమాటల సాయమున నిట విమర్శింపఁబడుచున్నది.

ప్రకరణసారమిది. గాఢాంధకారమున నొకనికేదియో గుచ్చుకొనును. విషజంతువు కఱచినదని యతఁడు శంకించును. ఆ యుద్వేగముచేతనే జ్వరము, వాంతి, మూర్ఛ, ఒడలిమంట, గ్లాని, మోహము, అతిసారము కలుగవచ్చును. దీనికిఁ జక్కెర, ద్రాక్ష, యష్టిమధుకము, తేనె మొదలగువానితోఁ బానమును, మంత్రజలప్రోక్షణమును, సాంత్వనమును, హర్షణమును జెప్పఁబడినవి.

ఇచట రెండంశములు గమనింపఁదగినవి. మొదటిది: విషము లేదు గాని జ్వరము కలదు. ఆచార్యుఁడు జ్వరాదులను మిథ్య యనలేదు; వాని హేతువును మాత్రమే వేఱుగాఁ జూపెను. రెండవది: చికిత్సను విధించు వాక్యమున వైద్యునికి విశేషణముగా నున్న 'ఆశ్వాసయన్' అను పదము శత్రంతము. ముందు ధైర్యము చెప్పి, పిమ్మటఁ జికిత్స చేయవలయునని తాత్పర్యమైనచో 'ఆశ్వాస్య' యని ల్యబంతమునే ప్రయోగింపవచ్చును. శతృప్రత్యయముచేత నాశ్వాసనము చికిత్సతోఁ గూడ సాగునదియే కాని ముందొక మాటగాఁ జెప్పి విడువవలసినది కాదని తేలుచున్నది. మఱియు శ్వసధాతువు ప్రాణనార్థకము. ణిజంతమైనపుడు 'ఊపిరి పీల్చునట్లు చేయుట' యని యవయవార్థము. భయమున బిగిసిన యూపిరిని వదలించుట యాశ్వాసనము.

ఇందుల కొక యాక్షేపము రావచ్చును. ఆ సంహితయందే సూత్రస్థానము 9వ యధ్యాయమున రోగికి నాలుగు గుణములు చెప్పఁబడినవి: జ్ఞప్తి, చెప్పినట్లు చేయుట, వెఱపు లేకుండుట, తన రోగమును దెలుపఁగలుగుట. వెఱపు లేకుండుట గుణమైనచో వెఱచువాఁడు చికిత్సకుఁ దగనివాఁడు కాఁడా? కాఁడు. ఆ గుణములు చికిత్స సులభముగా ఫలించుటకుఁ జెప్పినవి కాని రోగిని ద్వారముకడ నిలిపి పరీక్షించుటకుఁ జెప్పినవి కావు. కొఱఁతపడిన గుణమును బూరించుటయు వైద్యుని పనియే యని శంకావిషప్రకరణము స్పష్టపఱచుచున్నది.

ఇంక వాడుకమాటలు. కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు 2016 అక్టోబరులోఁ బలు జిల్లాలుగా విభజింపఁబడినవి. నుడికారము మాత్రము విభజింపఁబడలేదు. జగిత్యాలనుండి నిర్మలువఱకు, సిరిసిల్లనుండి మంచిర్యాలవఱకు జనులు దవాఖానకుఁ బోయి 'పానం మంచిగ లేదు' అందురు. ఈ 'పానం' ప్రాణశబ్దభవము. ఇందు దేహము వేఱు, మనస్సు వేఱు అను విభాగము లేదు. ఎడతెగని చింతకు 'రంది' యనియు, గుండె జల్లుమను భయమునకు 'బుగులు' అనియు వ్యవహారము కలదు. 'గత్తర' యన్నచోఁ గలరా. ఆ మాటయే జనులు కలవరపడి పరువులెత్తునప్పటి గందరగోళమునకును జెల్లును. రోగనామమును భయనామమును నొక్కటియైన యీ ప్రాంతమున రోగభయమును గేవలభ్రమ యనుట చరిత్రమును మఱచుటయే. 2020 మార్చిలో ఇండోనేషియానుండి వచ్చినవారికిఁ గోవిడు సోఁకినట్లు తేలఁగా, కరీంనగరమున నింటింటికిఁ దిరిగి పరీక్షింపవలసివచ్చెను. ఆ దినములలోఁ బ్రతి దగ్గును శంకకుఁ గారణమయ్యెను.

చరకుఁడు చెప్పిన యుదాహరణము నేఁటికిని బాతపడలేదు. పత్తిచేనిలో రాత్రివేళ మోటారు పెట్టఁబోయినవాని కాలికేదియో తగులును. 'పురుగు ముట్టింది' అని యింటివారు వానిని మొదట ఊరి ఆర్.ఎం.పి. కడకుఁ గొనిపోవుదురు. కాటు కనఁబడదు, చెమటలు పట్టుచున్నవి. ఇది శంకావిషమే కావచ్చును. కాని కట్లపాము కాటు నొప్పియు గుఱుతును లేకయే ప్రాణము తీయఁగలదు. కావున నిచట 'ఏం లేదు, పో' యనువాఁడు ప్రాణహంత కావచ్చును. వెంటనే విషవిరుగుడు సూది వేయువాఁడును దోషియే. ఏలయన నా మందే యొకప్పుడు తీవ్రమైన వికారమును గలిగించును. తెలిసిన వైద్యుఁడు రోగిని బెద్ద దవాఖానలో నుంచి, గాజుగొట్టమున రక్తము పోసి 20 నిమిషములలో గడ్డకట్టునో లేదో చూచి, కనుఱెప్పలు వాలుచున్నవేమో కనిపెట్టుచు, ఒక దినము కాచును. కాచుచు మాటలాడును. 'ఆశ్వాసయన్' అను శత్రంతమునకు వ్యాఖ్యానమిదియే.

ఏండ్లతరబడి సాగు రోగభయమునందు వాక్కు మఱింత జాగరూకతతోఁ బలుకవలసినది. గుండెదడకై నాలుగు పరీక్షలు చేయించుకొన్నవానితో వైద్యుఁడు 'ఏం లేదు' అనును. తెలుఁగున 'కాదు', 'లేదు' అను రెండు నిషేధరూపములు కలవు. సంస్కృతవైయాకరణులు నిషేధమును బర్యుదాసము, ప్రసజ్యప్రతిషేధమని విభజింతురు. పర్యుదాసము నిషేధ్యముకంటె భిన్నమైన దానిని గ్రహింపఁజేయును. ప్రసజ్యప్రతిషేధము సత్తనే త్రోసివేయును. 'ఇది గుండెజబ్బు కాదు' అన్నచో మఱి యేదియో యగునను నవకాశము మిగులును, దానిని వెదకుటకు నిరువురును గూర్చుండవచ్చును. 'ఏం లేదు' అన్నచో రోగి యనుభవించు దడకే లేమి చెప్పఁబడినది. అతఁడు దడను నమ్మునా, వైద్యుని నమ్మునా? దడనే నమ్మును, వేఱొక వైద్యుని వెదకును. 'కాదు' అనవలసినచోట 'లేదు' అనుటయే యీ సంబంధమునఁ దఱచుగాఁ గానవచ్చు దోషము.

దీనికి విపరీతమైన దోషము సూదియు, గులుకోసు బుడ్డియు. రోగము లేదని యెఱిఁగియు రోగి తృప్తికై వానిని బెట్టుట కలదు. చరకుఁడును జక్కెరను, ద్రాక్షను జెప్పలేదా యని కొందఱనవచ్చును. చెప్పెను, కాని గ్లానిపడి, మంటలు పుట్టి, వాంతులైనవానికి నవి తగిన యాహారపానములే. నేఁటి గులుకోసు బుడ్డి యట్టిది కాదు. సెలవు పుచ్చుకొనునపుడది 'నీకు రోగము కలదు' అను నిశ్శబ్దవాక్యమును రోగి చేతఁ బెట్టి పంపును. వెఱపు దానిచే బలియును, ఇంటి ధనము తఱుఁగును.

పాశ్చాత్యులకును నీ చిక్కు తప్పలేదు. 'హైపోకాండ్రియా' యను గ్రీకుపదమునకుఁ బ్రక్కటెముకల మృదులాస్థికి దిగువనున్న ప్రదేశమని యర్థము; అది కాలక్రమమున రోగభీతికిఁ బేరయ్యెను. అమెరికా మనోవైద్యులు 2013లో నా పేరును విడిచి వేఱు పేర్లు పెట్టిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2022లో నమలునకు వచ్చిన పట్టికలో దానిని నిలుపుకొనిరి. ఊహారోగిపై ప్రహసనము రచించిన మోలియేరు 1673లో నా పాత్రను దానే ధరించి, నాలుగవ ప్రదర్శనానంతరము నిజమైన వ్యాధిచే మరణించెను. శంకించువానికి రోగము రాదని యెవ్వరును జెప్పఁజాలరు. లండనులో మైకేల్ బాలింటు 1957లోఁ బ్రకటించిన గ్రంథమున వైద్యుఁడే యొక యౌషధమనియు, దానికిని మాత్ర యెఱుఁగవలయుననియుఁ బ్రతిపాదించెను. అది యుక్తము. అడిగినప్పుడెల్ల ధైర్యము చెప్పుచుండినచో శంక యొక పూఁట తగ్గి మఱునాఁడు మఱల లేచును. అందుచే నొకే వైద్యుఁడు, నియతమైన దినమున, రోగము ముదిరినను ముదరకున్నను వానిని జూచుచుండుట మేలని నేఁటి వైద్యుల మతము.

ఇట చరకుఁడు చెప్పిన వైద్యవృత్తి తలఁపునకు వచ్చును: మైత్రి, ఆర్తులయందుఁ గారుణ్యము, సాధ్యులయందుఁ బ్రీతి, ప్రకృతిస్థులయం దుపేక్ష. ప్రకృతిశబ్దమునకు మరణమను నర్థమును గ్రహించి ప్రకృతిస్థులనఁగా మరణాసన్నులని వ్యాఖ్యానసంప్రదాయము. స్వస్థులని యర్థము చెప్పినను, రోగభీతుఁడు దేహముచే స్వస్థుఁడైనను మనస్సుచే నార్తుఁడు గనుకఁ గారుణ్యమునకే పాత్రుఁడు. ఉపేక్షయు రూఢిచే విడిచిపెట్టుట. అవయవార్థముచేతనో 'ఉప' పూర్వకమైన యీక్షణము, దగ్గఱనుండి చూచుట. ఈ యోగార్థము గ్రంథకర్త యభిప్రాయమని సాధింపరాదు. కాని పరీక్షలు పెంచక, రోగిని విడువక, చెంతనుండి చూచు వైద్యునికి నింతకంటెఁ దగిన పేరు లేదు.

ధర్మపురి శేషప్పకవి నరసింహశతకమున నంత్యకాలమునఁ గఫవాతపిత్తములు క్రమ్మి భగవన్నామము పలుకనీయవేమోయని వెఱచి, అందులకై యిప్పుడే భజన చేయ నిశ్చయించుకొన్నాఁడు. అదియు రోగభయమే, కాని యది నేఁటి పనిని జెఱుపలేదు, నేఁటి పనిగా మాఱినది. వెఱపును నిర్మూలించుట వైద్యుని వశము కాదు. దానిని రోగియొక్క నేఁటి దినమును మ్రింగకుండునట్లు చేయుట వశమే. అందులకు మొదటి మెట్టు 'లేదు' అను మాటను మాని 'కాదు' అనుట; రెండవది 'మఱల రమ్ము' అని దినము చెప్పుట.