వైద్యుని చెవి, గాయకుని చెవి

శ్రీపాద పినాకపాణిగారు వృత్తిచేత వైద్యులు. 1913లో శ్రీకాకుళ మండలంలోని ప్రియాగ్రహారంలో జన్మించి, విశాఖపట్టణంలో వైద్యవిద్య నభ్యసించి, కర్నూలు వైద్యకళాశాలలో ఆచార్యపదవిని నిర్వహించి, నూరేండ్లు నిండుటకు ఇంకా కొన్ని నెలలుండగా 2013 మార్చిలో ఆ కర్నూలులోనే కన్నుమూసిన ఆ మహనీయుని తలచుకొన్నప్పుడెల్లా నాకొక ప్రశ్న కలుగుతూ ఉంటుంది. రోగి ఎదురురొమ్ముకు స్టెతస్కోపు ఆనించి, గుండె చప్పుడులో ఎక్కడ ఏ చిన్న తేడా దాగి ఉన్నదోనని ఆలకించిన చెవికీ, ఎదుట కూర్చున్న శిష్యుడు తోడిరాగంలో గాంధారం పట్టినప్పుడు అది ఉండవలసిన చోట ఉన్నదా లేదా అని ఆలకించిన చెవికీ నడుమ నిజముగా భేదమున్నదా?

1983లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీతకళానిధి బిరుదమిచ్చినది; మరుసటి సంవత్సరం పద్మభూషణ పురస్కారం వచ్చినది. కనుక ఆయన జీవితపరమార్థం సంగీతమేననీ, వైద్యం కేవలం జీవికకొరకు చేసిన ఉద్యోగమనీ లోకం తీర్మానించుకొన్నది. నాకు ఆ తీర్మానం సమ్మతం కాదు. ఒక మనిషి ప్రతిదినమూ రెండు పనులను అంత శ్రద్ధతో దశాబ్దాలపాటు చేసినప్పుడు, ఒకదానిని పరమార్థమనీ రెండవదానిని పొట్టకూటి పని అనీ విడదీయడానికి మనమెవ్వరము? ఆ రెండింటిలోనూ ఆయన చేసిన పని ఒక్కటే: నిదానించి వినడం, విన్నదానిని నిజాయితీగా చెప్పడం.

ఈ విషయం ఇప్పుడు వ్రాయడానికి కారణమొకటి ఉన్నది. సూరంపాలెం వైపు ఇంజినీరింగు చదువుకొనే అబ్బాయి ఒకడు పాఠానికి మా ఇంటికి వస్తూ ఉంటాడు. బుద్ధిమంతుడు, గొంతు మంచిది. ఒకనాడు జంటవరుసల మధ్య ఆగి, ఎంతో కాలంగా మనస్సులో పెట్టుకొన్న మాట బయటపెట్టినట్లు, "మాస్టారండీ, అసలు నేనెందుకు పుట్టానో నాకే తెలీట్లేదండీ. మా వాళ్లంతా ఏదో ఒకటి తేల్చేసుకున్నారు. నేనేమో రోజూ ఈ సరిగమలే పాడుకుంటా కూచుంటే నాకేం తెలుస్తుందండీ?" అన్నాడు. "బాబూ, ముందు నీ రిషభం ఎక్కడుందో తెలుసుకో. తతిమ్మావి తర్వాత చూద్దాం" అన్నాను. మాట దాటవేసినానని అతడనుకొని ఉండవచ్చును. నేను మాత్రం నాకు తెలిసిన సమాధానమే చెప్పినాను, అది సగమే అయినప్పటికీ. తక్కిన సగం ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

తెల్లవారుజామున, మా ఊరినుండి కాకినాడకు చీలిపోయే రైలుమార్గం మీద బండ్ల రాకపోకలు ఇంకా పలుచగా ఉన్న వేళ, శ్రుతి పెట్టుకొని మంద్రషడ్జం మీద అకారం నిలపడం మా సాధనలో మొదటి పని. చూచేవారికి ఇందులో ఏమీ లేదు. ఊపిరి ఉన్నంతసేపు ఒకే స్వరం, మళ్లీ ఊపిరి, మళ్లీ అదే స్వరం. కాని చెవి ఒగ్గినవానికి అందులో ఒక గొప్ప వ్యవహారం జరుగుతూ ఉంటుంది. గొంతు శ్రుతికి కించిత్తు తక్కువగా ఉన్నప్పుడు రెండు నాదాలకూ నడుమ ఒక అల పుట్టి, లేచుచు పడుచు వినిపిస్తుంది. గొంతు దగ్గరపడిన కొలదీ ఆ అల నెమ్మదిస్తుంది. కలిసిన క్షణాన పూర్తిగా అణగిపోతుంది, అప్పుడు పాడేవానికి తన గొంతు వేరుగా వినిపించదు. ఇది భౌతికశాస్త్రం చదివినవారెవరైనా వివరింపగల సామాన్య విషయమే. కాని ఆ అలను తన గొంతులో తాను వినడానికి కొందరికి నెలలు, కొందరికి ఏండ్లు పడుతుంది. ఎందుకంటే పాడేటప్పుడు మనిషి సహజంగా తాను పాడదలచినదానిని వింటాడే గాని, పాడుచున్నదానిని వినడు.

తోడి మరింత కఠినమైన పరీక్ష. కాగితం మీద గాంధారమంటే ఒక్క అక్షరం. గొంతులో ఆ అక్షరాన్ని కదలకుండా నిలబెడితే తోడి కాకుండా పోతుంది. అది ఇరుగుపొరుగు స్వరాలను స్పృశిస్తూ ఊగవలెను. అట్లని ఎక్కువ ఊపితే తన చోటు తప్పిపోతుంది. ఎంత ఊపవలెనో ఏ గ్రంథమూ సంపూర్ణంగా చెప్పలేదు. గురువు పాడగా విని, తాను పాడి, తాను పాడినది విని, మళ్లీ పాడవలసినదే. పినాకపాణిగారు ఈ సూక్ష్మాన్నే జీవితాంతం పట్టుకొన్నారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వంటి మహావిద్వాంసుల సన్నిధిలో నేర్చుకొని, మద్రాసులో నాటి ఉద్దండుల గానాన్ని విని, తాను విన్న కృతులను గమకాల పోకడలు కనుపించేటట్లు స్వరలిపిలో వ్రాసి, "సంగీత సౌరభం" అనే పేరుతో గ్రంథస్థం చేసినారు. తిరుమల తిరుపతి దేవస్థానంవారు దానిని నాలుగు సంపుటాలుగా ప్రచురించినారు. ఆ పుటలు తిప్పినప్పుడు నాకు సంగీతజ్ఞుని చేతివ్రాత కన్న వైద్యుని చేతివ్రాతే ఎక్కువగా కనబడుతుంది. రోగి స్థితిని పూటపూటకూ నమోదుచేసే మనిషి ఏ ఒక్క మార్పునూ విడువడు గదా.

పెద్ద కచేరీల గాయకుడుగా ఆయన దేశమంతా తిరుగలేదు. ఆయన ఘనత పాఠంలో ఉన్నది. పిఠాపురం దగ్గర కొత్తపల్లిలో 1927లో పుట్టిన నేదునూరి కృష్ణమూర్తిగారూ, ఆ మరుసటి సంవత్సరం జన్మించి తరువాత విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన వోలేటి వేంకటేశ్వర్లుగారూ ఆయన వద్ద నేర్చినవారే. కొత్తపల్లి మా ఊరికి ఎంతో దూరం కాదు. అన్నమాచార్యుల సంకీర్తనలకు నేదునూరివారు కట్టిన వరుసలు ఈనాడు తెలుగు దేశంలో సంగీతం తెలియని ఇంటిలో సైతం వినిపిస్తున్నవి. వైద్యకళాశాలలో అడుగుపెట్టిన నాటి యువకునికి తన చెవి ఇంత దూరం ప్రయాణిస్తుందని తెలిసి ఉండునా? తెలిసి ఉండదనే నా నమ్మకం. ముందుగా తెలిసి బయలుదేరినవారు అరుదు. ప్రతిదినం చేసే పనిలో తమను తాము ఆలకించుకొన్నవారికి, ఆ పనియే కొంతకాలానికి, నీవు ఇటు నడువు అని చూపిస్తుంది.

ఇక్కడ అభ్యాసం కూసువిద్య అనే సామెతను అడ్డం పెట్టుకొని, చేయగా చేయగా అన్నీ అవే వస్తవని చెప్పేవారున్నారు. వారి మాటకు నేను పూర్తిగా ఒప్పుకోను. వేమన రాగాన్నీ వేపనూ ఉదాహరించి సాధనచేత పనులు సమకూరుతవని చెప్పినాడు, నిజమే. కాని పని సమకూరడం వేరు, మనిషికి తాను తెలియడం వేరు. పతంజలి యోగసూత్రాలలో అభ్యాసం దృఢపడడానికి మూడు నియమాలు చెప్పబడినవి: చిరకాలం చేయవలెను, ఎడతెగకుండా చేయవలెను, ఆదరంతో చేయవలెను. మొదటి రెండూ అందరూ జ్ఞాపకముంచుకొంటారు. మూడవదానిని మరచిపోతారు. ఆదరం లేని అభ్యాసంవలన తప్పు కూడా చక్కగా గట్టిపడుతుంది. అపస్వరాన్ని పదేండ్లు పాడినవాని గొంతులో అపస్వరమే స్థిరపడి, తరువాత ఏ గురువుకూ లొంగదు. ఇటువంటి గొంతులను నేను చూచినాను, వాటిని చక్కదిద్దలేక బాధపడినాను.

స్పెయిన్ దేశంలో 1876లో పుట్టి 1973వరకు జీవించిన చెల్లో విద్వాంసుడు పాబ్లో కాజల్స్, తాను ఎనుబదేండ్లపాటు ప్రతిదినాన్ని పియానో మీద బాఖ్ రచనలు వాయించి ప్రారంభించినాననీ, అది తనకు యాంత్రికమైన అలవాటు కాదనీ, ఏనాటికానాడు ఆ సంగీతం కొత్తగానే ఉండేదనీ తన జ్ఞాపకాలలో చెప్పుకొన్నాడు. ఎనుబదేండ్లు అన్న మాట చదివి ఆశ్చర్యపోవడం సులభం. ఏనాటికానాడు కొత్త అన్న మాట దగ్గర ఆగడం కష్టం, ఆగవలసినది అక్కడనే.

అటువంటి నిత్యకృత్యమొకటి మా ఊరిలోనూ ఉన్నది. ఇక్కడి కుమారారామ భీమేశ్వరాలయంలో శివలింగం కింది అంతస్తునుండి లేచి పై అంతస్తులోనికి సాగిన తెల్లని సున్నపురాతి లింగం. అభిషేకం పై అంతస్తులో జరుగుతుంది. తొమ్మిదవ శతాబ్ది చివర సింహాసనమెక్కిన చాళుక్య భీముడు ఈ ఆలయాన్ని కట్టించినాడనీ, ఆయన మూడువందల అరువది యుద్ధాలు చేసినాడనీ ప్రతీతి. ఆ యుద్ధాల పేర్లు ఈ ఊరిలో ఎవరికీ తెలియవు. మెట్లెక్కి, చెంబుతో నీరు పోసి, మారేడుదళం ఉంచే ఆ కొద్దిపాటి నిత్యకృత్యం మాత్రం నేటికీ కొనసాగుతున్నది. కార్తికమాసంలో పంచారామాలనూ ఒక్కరోజులో చూచి రావాలని బస్సులలో వచ్చే భక్తులు అమరావతినుండి బయలుదేరి భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం మీదుగా చీకటిపడ్డ తరువాత మా ఊరు చేరుతారు. వారి భక్తిని నేను శంకించను. ఐనను, అలసిన కన్నులతో క్షణకాలం చూచి, తలుపులు మూస్తారేమోనన్న తొందరలో మెట్లు దిగుచున్న వారిని చూచినప్పుడు, ఈ అయిదింటిలో ఒక్కదాని ముందైనా వీరు ఒక గడియ కూర్చొని ఉంటే ఎంత బాగుండునని నా మనస్సు కలత పడుతుంది.

తీరిక కలవారికే ఇవన్నీ సాగుతవని ఒక ఆక్షేపణ ఉన్నది. దానిని తేలికగా త్రోసివేయరాదు. తిరువయ్యారు వీధులలో ఉంఛవృత్తి చేసుకొని, శరభోజి మహారాజు పిలుపును కాదన్న త్యాగరాజస్వామి దగ్గర ధనం లేదు గాని, పాటకు వేళ ఉన్నది. తెల్లవారక ముందే పనికి పోయి చీకటి పడ్డాక వచ్చే కూలీకి ఆ వేళ ఎవరిస్తారు? సాధన అంటే సంగీతమో జపమో మాత్రమేనని అనుకొన్నంతవరకు ఈ ప్రశ్నకు సమాధానం లేదు. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే స్త్రీలను చూడండి. బోర్లించిన కుండ కింద ఎండుటాకుల మంట. పల్చని బియ్యపుపిండి నీళ్లలో గుడ్డ ముంచి, ఆ కుండ మీద ఒక్క ఊపున లాగుతారు. కనురెప్ప వాల్చేలోగా పిండి పొరయై నిలుస్తుంది. మరుక్షణం చేతితో ఒలిచి తీస్తారు. మంట మించితే రేకు మాడుతుంది, తగ్గితే అంటుకొని ఊడిరాదు. కుండ వేడిని కొలిచే సాధనమేదీ అక్కడ లేదు. ఆ చేతికే తెలుసు. ఇంటిపనిగా సాగిన ఈ విద్యకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది, సంతోషమే. కాని ఆ చేతి ఎరుకకు మనమింకా తగిన గౌరవమివ్వలేదని నా ఆవేదన. అది గాంధారం ఎరిగిన చెవికి ఏమాత్రం తీసిపోదు.

అబ్బాయికి చెప్పవలసిన తక్కిన సగం ఇంతే. రిషభం తెలిసిన తరువాత జీవితం తెలుస్తుందని నేను హామీ ఇవ్వలేను. కాని తన గొంతు తగ్గినప్పుడు తగ్గినదని ఎవరూ చెప్పకుండానే వినగలిగినవాడు, తాను ఇష్టంలేని చదువు చదువుచున్నప్పుడూ, ఇతరుల కోరికను తన కోరిక అనుకొన్నప్పుడూ, ఆ తేడాను అదే చెవితో వింటాడని నా నమ్మకం. అది వినిపించనివానికి ఎందరు పెద్దలు ఎన్ని దారులు చూపినా ప్రయోజనం స్వల్పం.

అతనికిప్పుడు హైదరాబాదులో ఉద్యోగం ఖాయమైనది. మొన్న సెలవు తీసుకోవడానికి వచ్చి, "గదిలో నలుగురం ఉంటామండీ. పొద్దున్నే గొంతెత్తితే వాళ్లకి ఇబ్బందవుద్దేమోనండీ. ఇయర్‌ఫోన్లలో శ్రుతి పెట్టుకుని మెల్లగా పాడుకోనాండీ?" అని అడిగినాడు. వద్దన్నాను. గొంతూ శ్రుతీ ఒకే గాలిలో కలిసినప్పుడే నడుమనున్న అల చక్కగా తెలుస్తుంది; చెవులు మూసుకొన్నవానికి తన గొంతు సరిగా వినబడదు. మేడ మీదికి పోయి, శ్రుతి బయటికి వినబడేటట్లు చిన్నగా పెట్టుకొని, కాసేపు మంద్రషడ్జం, తరువాత సరళీవరుసలు మూడు కాలాలలో, చివర మోహన వర్ణం ఒక్కటి పాడుకొమ్మన్నాను. కొత్త కృతి సంక్రాంతికి వచ్చినప్పుడు మొదలుపెడదామని చెప్పి పంపించినాను.