చేయి ఆడేచోట మెరుపెందుకు?

ఆకివీడు నుంచి భీమవరం, పాలకొల్లు దాకా ఎలక్ట్రిక్ గిటార్ ఎక్కువగా కనిపించేది చర్చిలో, ఆ తర్వాత పెళ్లి ఆర్కెస్ట్రాలో. ఆకివీడు కెనడియన్ బాప్టిస్టులు 19వ శతాబ్దంలోనే మిషన్ పెట్టిన ఊరు కాబట్టి అక్కడ పాటకు వాయిద్యం తోడవడం కొత్త కాదు. ఇబ్బంది పెట్టేది గాలి. ఒకపక్క కొల్లేరు, మిగతా దిక్కులన్నీ చేపల, రొయ్యల చెరువులు. ఫ్యాను కింద కూర్చున్నా అరచేతిలో చెమ్మ ఆరదు. ఆ చేత్తో అద్దంలా మెరిసే గిటార్ నెక్‌ను పట్టుకుని పైకీ కిందికీ జరపబోతే బొటనవేలు మధ్యలో ఆగిపోతుంది. కొందరు చేతికి పౌడర్ రాసుకుంటారు. రెండో పాటకల్లా అది చెమటతో కలిసి ముద్దవుతుంది. అసలు మందు నెక్ వెనక మెరుపును రుద్ది తీసేయడం. ఇది వాయిద్యాన్ని పాడుచేయడమని చాలామంది అనుకుంటారు గానీ, ఫ్యాక్టరీ సగంలో వదిలిన పనిని పూర్తిచేయడమే అని నా వాదన.

సాక్ష్యం కోసం వయొలిన్‌ను చూడండి. దాని పొట్టకూ వీపుకూ వార్నిష్ దట్టంగా వేస్తారు. ఎడమ చేయి తిరిగే నెక్ మీద మాత్రం వేయరు, కొద్దిగా నూనె పట్టించి వదిలేస్తారు. మన విద్వాంసులు వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి గమకాల కోసం చేతిని ఆ చివర నుంచి ఈ చివరకు జారుస్తారు కాబట్టి, ఆ ఏర్పాటు విలువ పాశ్చాత్యుల కన్నా మనకే ఎక్కువ తెలియాలి. వైణికులు ఎడమచేతి వేళ్లకు నూనె రాసుకునేదీ ఇందుకే. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఇంకా ముందుకు వెళ్లారు. మామూలు మాండలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. ఆయన ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించారు. రాగం కోసం తీగల్నే మార్చుకున్న ప్రాంతంలో నెక్ మీద రంగుపూతకు దండం పెట్టడం ఎందుకో అర్థం కాదు.

మెరుపంటే వేరే పదార్థమేమీ కాదు, పూత పైపొర నున్నగా ఉండటమే. నున్నని పొర వెలుతురును ఒకేవైపు తిప్పికొడుతుంది, గరుకు పొర చెదరగొడుతుంది. తడి చేతికి గాజుపలక అతుక్కున్నట్టే నున్నని నెక్‌కు చర్మం అంతా ఆనుకుని పట్టేస్తుంది; సన్నని గీతలుంటే ఆనే చోటు తగ్గి జారుతుంది. కాబట్టి పూతను తీసేయనక్కర్లేదు, పైపైన గీతలు పెడితే చాలు. ముందు తడిగుడ్డతో జిడ్డు తుడిచి, ఫ్రెట్‌బోర్డు అంచులకూ పికప్‌లకూ మాస్కింగ్ టేపు వేయాలి. బూడిదరంగు స్కాచ్‌బ్రైట్ పీచునో, 1000 నంబరు వాటర్ పేపర్‌నో తీసుకుని నెక్ పొడవునా ఒకే దిశలో రుద్దాలి. గుండ్రంగా తిప్పితే సుడులు కనబడతాయి. తెల్లటి పొడి రాలుతుంది. ప్రతి పది పదిహేను సార్లకూ తుడిచి, కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడాలి. ఇంకా మెరుస్తున్న ద్వీపాలు అక్కడక్కడ తేలతాయి. వాటి మీద మాత్రమే మళ్లీ రుద్దాలి. వంటింట్లో గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో మొదలుపెట్టొద్దు, దాని గీతలు లోతు. స్టీల్ ఉన్ని వాడితే టేపు తప్పనిసరి: రాలిన ఇనుప నూగును పికప్‌లోని అయస్కాంతం లాగేస్తుంది, తర్వాత ఏరి తీయడం నరకం.

ఇంత శ్రమెందుకు, మ్యాట్ స్ప్రే కొట్టేస్తే పోదా అనేవాళ్లున్నారు. వానాకాలంలో తలుపులకు లక్క పాలిష్ వేయడానికి మన వడ్రంగులు వెనకాడేది దేనికో వాళ్లను అడగాలి: స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు పొర చల్లబడి గాలిలోని తేమను పట్టుకుంటుంది, పూత తెల్లబారుతుంది. ఆరుబయట కొట్టే మ్యాట్ స్ప్రేకూ కొల్లేటి గాలిలో అదే గతి పట్టొచ్చు. చేత్తో రుద్దే పనికి వాతావరణంతో పేచీ లేదు. పూత తీసేస్తే చెక్కలోకి చెమ్మ దిగుతుందన్న భయమూ ఇక్కడ వర్తించదు, ఎందుకంటే పూత అలాగే ఉంది. ఇప్పటి గిటార్ల మీద ఉండే పాలియెస్టర్, పాలియూరిథేన్ పొరలు మందంగానే ఉంటాయి. అమ్మకం ధర పడిపోతుందన్న అభ్యంతరం మాత్రం కొంత నిజం. 1950ల నాటి నైట్రోసెల్యులోజ్ పూత పలుచన. అలాంటి పాత వాయిద్యం చేతికొస్తే ముట్టుకోవద్దు. కానీ ఆదివారం ఆరాధనకు వాయించే గిటార్‌ను ఎప్పుడో ఎవరో కొనబోయే కళ్ల కోసం కాపాడటం నాకు వింతగా తోస్తుంది.

అలాగని గిటార్ మొత్తం మసకబార్చాలనే మోజుతోనూ నేను ఏకీభవించను. బాడీ మీద చేయి జారదు, అక్కడ మెరుపు ఎవరికీ అడ్డు రాదు. పైగా బాడీ అంచుల మీద రుద్దితే రంగు లేచి చెక్క బయటపడుతుంది. నెక్ చాలు. అయితే కొన్ని నెలలు వాయించాక బొటనవేలు ఆనేచోట గీతలు అరిగి మళ్లీ నిగనిగలాడతాయి. అప్పుడు టేపు వేసి, అదే బూడిదరంగు పీచుతో రెండు నిమిషాలు.