మారు వడ్డన

మెస్సు మంచిదో కాదో మారు వడ్డనలో తేలుతుంది. మొదటిసారి ఎవరైనా నిండుగానే వడ్డిస్తారు. పప్పు, కూర, వేపుడు, పచ్చడి, అప్పడం అన్నీ వరసగా వచ్చి కూచుంటాయి, కంచం చూడముచ్చటగా ఉంటుంది. అసలు పరీక్ష అన్నం సగం అయ్యాక మొదలవుతుంది. పప్పు అయిపోయి పొడి అన్నం మిగిలి తలెత్తి చూసినప్పుడు, బకెట్టు పట్టుకున్న మనిషి మన కంచం వైపు చూస్తున్నాడా, గోడ మీది టీవీ వైపు చూస్తున్నాడా? నందిగామలోనూ జగ్గయ్యపేటలోనూ ఇన్నేళ్లుగా బయట తింటూ నేను నిలబెట్టుకున్న కొలత ఇదే. ఉప్పూ కారం సంగతి ఆ తర్వాతే.

కృష్ణా జిల్లా అనగానే బయటివాళ్లకు కాలవలూ వరిచేలూ గుర్తొస్తాయి. మాది మెట్ట. మిరప, పత్తి, కంది, మామిడి మా పంటలు. 2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలు వచ్చాక మేం ఎన్టీఆర్ జిల్లావాళ్లమయ్యాం, నందిగామ రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. మేం పేట అని పిలుచుకునే జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి: జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ. అందుకే మధ్యాహ్నం పన్నెండున్నరకి ఈ రెండూళ్ల మెస్సుల్లో ఒకే బల్ల దగ్గర కనిపించే జనం మరెక్కడా కనిపించరు. కోర్టు వాయిదాకొచ్చిన రైతు, ఆయన పక్కనే ప్లీడరు గుమస్తా, ఎదురుగా సిమెంటు లారీ డ్రైవరు, ఎరువుల కొట్టు కుర్రాడు, ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటూ గది తీసుకున్న పిల్లలు, పెళ్లి బట్టలు కొనడానికి పల్లె నుంచి దిగిన కుటుంబం. అందరికీ ఒకే పప్పు, ఒకే ధర. ఎవరి ఆకలి వాళ్లది. ఇన్ని రకాల ఆకళ్లను ఒక్క బకెట్టుతో తీర్చేవాడే సర్వరు.

ఆ పని తేలికని అనుకునేవాళ్లు ఒక పెళ్లిలో ఒక్క బంతికి వడ్డించి చూడాలి. అన్నం హస్తంతో తీసి కుప్పగా పడెయ్యకూడదు, మణికట్టు కాస్త తిప్పి విడదీస్తూ జారవిడవాలి. అలా వేస్తేనే ఆవిరి పోయి మెతుకు మెతుకుకీ అంటదు. పప్పు అన్నం పక్కన కాకుండా మధ్యలో చేసిన గుంటలో పడాలి, దాని వేడి తగ్గకముందే నెయ్యి పడాలి. సాంబారు గరిటెను ప్రతిసారీ అడుగుదాకా ముంచి పైకి తియ్యాలి. బద్ధకించి పైపైన తోడితే మొదటి వరసకు నీళ్లూ చివరి వరసకు ముక్కలూ మిగులుతాయి. ఉలవచారు ఉన్న రోజు ఇంకో లెక్క. అది చిక్కగా ఉంటుంది, కొద్దిగా వేసి వెంటనే మీగడో వెన్నో అందించాలి, రెంటి మధ్య ఆలస్యమైతే తినేవాడు అన్నం కలిపేసుకుంటాడు. రసం అడగకముందే రావాలి. పెరుగు మాత్రం అడిగాకే వెయ్యాలి, ఎందుకంటే అది పడిందంటే భోజనం ముగిసినట్టే, ముగించమని మనిషిని తొందరపెట్టినట్టు ఉండకూడదు.

చేతి పని కంటే కంటి పని పెద్దది. ఎవరి కలపడం నెమ్మదించిందో, ఎవరు అన్నాన్ని కంచం అంచుకు నెడుతున్నారో, ఎవరు పచ్చడితోనే సరిపెట్టుకుంటున్నారో నడుస్తూ నడుస్తూ చూడాలి. షుగరున్న పెద్దాయనకు అన్నం తగ్గించి కూర పెంచాలి. బస్సు టైమైందని గోడగడియారం చూస్తున్న మనిషికి రసం, పెరుగు వెంటవెంటనే తేవాలి. మారు అడగడానికి మొహమాటపడే ఆడపిల్ల దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగాలి. నందిగామలో నేను వెళ్లే మెస్సులో పెద్ద వయసు సర్వరు ఒకాయన ఉండేవాడు. ఎవరినీ "ఇంకా కావాలా?" అని అడిగేవాడు కాదు. ఆ ప్రశ్నలో ఎంత వద్దనుకున్నా "ఇంకానా?" అనే ధ్వని దూరుతుంది. ఆయన గరిటె పైకెత్తి "కాస్త పప్పు వేస్తానయ్యా" అనేవాడు, వద్దనుకున్నవాళ్లు చెయ్యి అడ్డం పెట్టేవాళ్లు. వద్దనడం ఎవరికైనా సులువే, కావాలనడమే కష్టం. ఆ కష్టాన్ని ఆయన తినేవాడి మీద పెట్టేవాడు కాదు. ఆకలితో వచ్చినవాణ్ణి అడుక్కునేవాడిగా మార్చకుండా అన్నం పెట్టడం ఎంత గొప్ప విద్యో ఆయన్ని చూశాకే నాకు అర్థమైంది. మేనేజ్‌మెంటు కాలేజీల్లో కస్టమరు గురించి ఎన్ని పాఠాలు చెప్తారో తెలియదు గానీ, ఆ గరిటె ఎత్తడంలో ఉన్నంత మర్యాద నేను పెద్ద హోటళ్లలో కూడా చూడలేదు.

మారు వడ్డన ఊళ్లోనే ఎందుకు బతికింది, రోడ్డు మీద ఎందుకు పోయింది అన్నదానికి కారణం ఉంది. విజయవాడ–హైదరాబాదు రోడ్డు, మొన్నటి తొమ్మిదో నంబరు, ఇప్పటి అరవై అయిదో నంబరు జాతీయ రహదారి, 2012 చివరికి నందిగామ నుంచి నాలుగు వరుసలైంది. దూరపు బండ్లు ఊళ్లోకి రావడం మానేశాయి. పేటకు ఎలాగూ చిల్లకల్లు దగ్గర పక్కకు మళ్లాలి. తిండి వ్యాపారం హైవే పక్కకు జరిగింది. అక్కడ దిగే ప్రయాణికుడు రేపు మళ్లీ రాడు. బస్సు ఆగిన కాస్సేపట్లో టోకెను కొని, నిలబడి, మింగి ఎక్కాలి. ఒకసారి అలాంటి చోట రెండోసారి సాంబారు అడిగిన ముసలామెకు ఇంకో టోకెను తెచ్చుకోమని చెప్పడం చూశాను. ఆ చెప్పిన కుర్రాడి తప్పేం లేదు, అక్కడి ఏర్పాటే అంత. రేపటి మొహం చూడనక్కర్లేని చోట ఇవాళ్టి కంచం వైపు చూసేవాడు ఉండడు. ఊళ్లో మెస్సు సంగతి వేరు. ఇక్కడ తిన్నవాడు సాయంత్రం కూరగాయల బజారులో యజమానికి ఎదురుపడతాడు. వాళ్ల పిల్లలు ఒకే బళ్లో చదువుతారు.

అయినా రోడ్డు, ఊరు అప్పుడప్పుడు కలుస్తాయి. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మునిగిపోయినప్పుడు బండ్లు బారులు తీరి ఆగిపోయాయి. మరుసటి ఏడు ఆగస్టు చివర్లో కురిసిన వానలకు మళ్లీ అదే కథ, ఇటు పేట దాటాక గరికపాడు దగ్గర పాలేరు కూడా దారి కట్టేసింది. అలాంటి రోజుల్లో ఊళ్లోకి నడిచొచ్చిన అపరిచితులకు మెస్సులు ఎలా వడ్డించాయన్నది నాకు ఏ రేటింగు కంటే ఎక్కువ చెప్తుంది. కూరగాయలు రాని రోజున అన్నం, పప్పుచారు, ఆవకాయతోనే బల్లలు నడిపి, ధర పెంచకుండా, మారు వెయ్యడం మానకుండా పంపిన చోటికి నేను జీవితాంతం కస్టమర్ని. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ అమ్మవారి విగ్రహాలను రెండేళ్లకోసారి రంగులు వేయించడానికి పేటకు ఊరేగింపుగా తెచ్చినప్పుడూ అంతే. ఊరు జనంతో కిక్కిరిసిన ఆ రోజుల్లో వడ్డన చెయ్యి తిరిగినవాడెవడో, బకెట్టు మోసేవాడెవడో తేలిపోతుంది.

పార్సిలు గురించి ఒక్క మాట. పార్సిల్లో అన్నం ఎక్కువే పెడతారు, ఆ మేరకు లాభమే. కానీ అందులో మారు లేదు. నలుగురు సర్వర్లలో ఇద్దరు ఇప్పుడు మధ్యాహ్నమంతా ప్లాస్టిక్ కవర్లకు ముడులు వేస్తున్నారు. వేడి సాంబారును పల్చటి కవర్లో పోసి ముడి వెయ్యడం ఒంటికీ మంచిది కాదు, ఆ పని చేసే వేళ్లకూ మంచిది కాదు. ఇంటి నుంచి క్యారియరు తీసుకెళ్తే యజమానులు సంతోషంగా నింపుతారు. నేను తీసుకెళ్తాను, మీరూ తీసుకెళ్లండి.

ఇలాంటి మెస్సు భోజనం మనకు మాత్రమే ఉందనుకోవద్దు. దక్షిణ అమెరికాలో కొలంబియా అనే దేశం ఉంది. అక్కడి పేటపేటలోనూ మధ్యాహ్నం పనివాళ్లు తినే చవక భోజనాన్ని 'కొరియెంతాసో' అంటారు. ముందు వేడి సూపు, తర్వాత పళ్లెంలో అన్నం, చిక్కుడు గింజలో పప్పో, ఒక మాంసం ముక్క, వేయించిన అరటిపండు, పక్కన గ్లాసుడు పండ్ల రసం. ఇవాళ ఏముందో గుమ్మం దగ్గర పలక మీద రాసిపెడతారు, అన్నిటికీ కలిపి ఒకటే ధర. మన మెస్సు మనిషిని అక్కడ కూచోబెడితే, సూపును చూసి రసం ముందెందుకు వచ్చిందని మాత్రమే ఆశ్చర్యపోతాడు. వడ్డించేవాళ్లకు అందే టిప్పు గురించి ఆ దేశం 2018లో ఒక చట్టం చేసింది. టిప్పు ఇవ్వడం పూర్తిగా కస్టమరు ఇష్టం. బిల్లులో కలపాలంటే ముందు ఆయన్ని అడగాలి. వచ్చిన డబ్బు మొత్తం పనిచేసేవాళ్లదే, యజమాని అందులోంచి రూపాయి కూడా తీసుకోకూడదు.

మన దగ్గర సగం పనే జరిగింది. హోటళ్లు సర్వీసు చార్జీని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కస్టమరుకు న్యాయం జరిగింది, సంతోషం. వడ్డించినవాడికి ఏం చెందాలన్నది మాత్రం ఎవరూ అంత గట్టిగా చెప్పలేదు. మా రెండూళ్ల మెస్సుల్లో సర్వీసు చార్జీ అనే మాటే లేదు. ఉన్నదల్లా చెయ్యి కడుక్కుని వెళ్లేటప్పుడు గ్లాసు కింద పెట్టే పదినోటు. ఫోనుతో డబ్బులు కట్టడం వచ్చాక అదీ పోయింది. గల్లాపెట్టె దగ్గర స్కాన్ చేస్తాం, డబ్బు నేరుగా యజమాని ఖాతాలో పడుతుంది. జేబులో చిల్లర ఉండదు. ఎవరూ కావాలని మానలేదు, కానీ సర్వరు రోజుకూలికి తోడుగా ఇంటికి పట్టుకెళ్లే ఆ నాలుగు నోట్లు మాయమయ్యాయి. ఈ మార్పు గురించి మెస్సుల్లో ఎవరిని కదిలించినా ముందుగా చెప్పే బాధ ఇదే.

ఈ పనిలోకి ఇప్పుడు మన పిల్లలు రావడం లేదు. ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి, బీహారు నుంచి వస్తున్నారు. భాష రాని ఊళ్లో ఆ కుర్రాళ్లు ముందుగా నేర్చుకునే మాటలు 'మారు', 'చాలు', 'కొంచెం'. ఆ మూడింటితో నెల తిరిగేసరికి బల్లలన్నీ నడిపేస్తారు. వాళ్లను "ఒరేయ్" అని పిలిచే పెద్దమనుషుల్ని చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది. అన్నం పెట్టే చేతిని అలా పిలవడం మన ఇళ్లలో ఎవరూ నేర్పలేదు. "తమ్ముడూ" అంటే సరిపోతుంది. దుకాణాలు, సంస్థల చట్టం 1988 నుంచీ ఉంది. హోటలు పనివాడికీ వారానికో రోజు సెలవు ఆ చట్టం ఇచ్చిన హక్కు. ఆదివారం కోడికూర రద్దీ పేరుతో ఆ హక్కు ఎన్ని చోట్ల నలుగుతోందో తినేవాళ్లం ఒక్కసారైనా అడిగామా? యజమానులకూ కష్టాలున్నాయి. కందిపప్పు, నూనె, గ్యాసు ధరలు ఎక్కిన ప్రతిసారీ భోజనం ధర పెంచలేక నలిగిపోయేది వాళ్లే. పది రూపాయలు పెంచితే గొడవ పడే మనం, ఆ పదిలో అయిదు వడ్డించేవాడి కూలికి వెళ్లాలని అడిగితే ఆ మాటకు విలువ ఉంటుంది.

తినేవాళ్ల వైపు నుంచి ఇంకో బాధ్యత ఉంది. వెయ్యమని చెప్పి వదిలేసిన అన్నం చూసినప్పుడల్లా మారు వడ్డనకు ఆయుష్షు తగ్గుతోందని అనిపిస్తుంది. ప్లేట్ మీల్స్ పెరిగి ఫుల్ మీల్స్ తగ్గడానికి ధరలతో పాటు ఈ పారబోత కూడా కారణమే. కావలసినంతే వేయించుకుని, మళ్లీ వేయించుకోవడమే మారు ఉన్నందుకు మనం చెయ్యగలిగిన మర్యాద.

చివరగా ఫిర్యాదు సంగతి. పప్పు మాడినా, పెరుగు పులిసినా, నూనె వాసన వచ్చినా ఊరు దాటాక ఫోనులో ఒక చుక్క కొట్టి నాలుగు ముక్కలు రాయడం హైవే అలవాటు. మన ఊరి మెస్సుకు అది పనికిరాదు. గల్లాపెట్టె దగ్గర ఆగి, పక్కవాళ్లకు వినపడకుండా, "ఇవాళ పప్పు అడుగంటిందండీ" అని యజమానికే చెప్పండి. సాయంత్రం వంటకు ముందే ఆ మాట వంటమాస్టారు దాకా వెళ్తుంది. బాగా వడ్డించిన మనిషి ఉంటే ఆ సంగతి మాత్రం అందరికీ వినపడేలా, యజమాని ముందే చెప్పండి. బిల్లు ఫోనుతో కట్టినా సరే, ఒక పదినోటు జేబులో ఉంచుకుని ఆయన చేతికే ఇవ్వండి.