‘హక్కు’ అనే మాట: పౌరహక్కుల ఉద్యమ వారసత్వంపై ఒక అనువాదకుని పరిశీలన

తెలుగులో మనం దినమూ వాడే ‘హక్కు’ అనే మాట అరబీ ‘హఖ్ఖ్’ నుండి వచ్చినది. అరబీలో దానికి సత్యమనీ, ఒకరికి చెందవలసినదనీ అర్థాలున్నాయి. అల్లాహ్ శుభనామాలలోనూ అది ఒకటి. గోదావరిఖనిలో బొగ్గుబాయి గేటు దగ్గర జెండా పట్టుకున్న కార్మికుడు ‘మా హక్కు’ అన్నప్పుడు తనకు రావలసినదాన్ని గురించి చెబుతాడు. అది న్యాయమే. అయితే, ఎదుటివానికి మనం చెల్లించవలసినది కూడా హక్కేనన్న అర్థం భాష మారేటప్పుడు ఎక్కడో జారిపోయింది. పౌరహక్కుల ఉద్యమం మనకు మిగిల్చిన దానిని లెక్క చూసేటప్పుడు ఈ జారిపోయిన అర్థమే నాకు గుర్తుకు వస్తున్నది.

ఆ ఉద్యమ సాహిత్యంలో న్యాయవాది కె.జి. కన్నబిరాన్ ఆత్మకథ ‘24 గంటలు’ ముఖ్యమైనది. 2022లో ఆయన కుమార్తె కల్పన కన్నబిరాన్ దానిని ఆంగ్లంలోకి తెచ్చారు. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం, అరెస్టు చేసిన మనిషిని 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. కాగితం మీద ఇది ఒక్క వాక్యం. దానిని పోలీసు స్టేషను గడప దాటించడానికి ఒక జీవితకాలం చాలలేదు. పట్టుబడినవాడు మంచివాడా చెడ్డవాడా అనేది ఆ వాక్యం అడగదు. ఆ పేరు పెట్టడంలోని గొప్పతనం అక్కడే ఉన్నది.

చట్టంలో ఉద్యమం ఫలించిన తీరు చూడండి. ఎన్‌కౌంటర్లపై ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదు మీద జాతీయ మానవ హక్కుల కమిషన్ 1996లో ఉత్తర్వు ఇచ్చి, 1997 మార్చిలో అన్ని రాష్ట్రాలకూ మార్గదర్శకాలు పంపింది. పోలీసుల కాల్పులలో మనిషి చనిపోతే కేసు నమోదు చేయవలసిందేనని 2009 ఫిబ్రవరిలో మన హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టు దాని అమలును నిలిపివేసినా, 2014లో మరో కేసులో తానే 16 అంశాల మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇందుకు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. పిల్లల వైద్యుడు డాక్టర్ రామనాథం 1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో తన వైద్యశాలలోనే కాల్పులకు బలయ్యారు. ఆజం అలీ 2001 ఫిబ్రవరిలో నల్గొండలో హత్యకు గురయ్యారు. 1978లో హైదరాబాదులో రమీజాబీ ఉదంతం జరిగినప్పుడు మనం వీధిలోకి వచ్చాము. రావలసిందే. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత మన యువకులను పట్టుకుపోయినప్పుడు హక్కుల సంఘాలవారు మన తరఫున మాట్లాడారు. కాని ఆజం అలీ పనిచేసినది తనవాళ్ల కోసం మాత్రమే కాదు. ఆ పేరు మన ఇళ్లలో ఎందరికి తెలుసు?

ఈ సాహిత్యంలో ఒక లోపం కూడా ఉన్నది. ‘పౌర’ అనే మాట ‘పుర’ నుండి పుట్టినది. ఉర్దూలో ‘షహ్రీ హుఖూఖ్’ అన్నా అంతే, ‘షహర్’ అంటే పట్టణమే. రెండింటిలోనూ మనిషి పాలకుని ముందు నిలబడిన పురవాసి. పొరుగువాని ముందు అతనెవరో ఆ మాట చెప్పదు. కె. బాలగోపాల్ ఈ ఇరుకును గుర్తించారు. రాజ్యహింసనే గాక విప్లవకారుల హింసనూ ప్రశ్నించాలని వాదించి, సంఘం నుండి విడిపోయి 1998లో సహచరులతో మానవ హక్కుల వేదికను స్థాపించారు. అయినప్పటికీ మొత్తం మీద ఈ రచనలు న్యాయస్థానంతో మాట్లాడినంతగా టీకొట్టు దగ్గర నిలబడిన మనిషితో మాట్లాడలేదని నా అభిప్రాయం.

ఆ టీకొట్టు నాకు తెలుసు. 2019 డిసెంబరు 6న, పశువైద్యురాలి హత్య కేసులో నలుగురు నిందితులు చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పులలో చనిపోయారు. అక్కడ జనం పోలీసులపై పూలు చల్లారు. ఇక్కడ షిఫ్టు దిగి వచ్చినవారు మిఠాయి పంచారు. తన మస్టరు ఒక్కటి తక్కువ పడితే ఆఫీసు చుట్టూ పదిసార్లు తిరిగే మనిషి, నలుగురికి విచారణే అక్కరలేదన్నాడు. నా చేతిలోనూ మిఠాయి పెట్టాడు. నేను కాదనలేదు, నోరు విప్పలేదు. ఆ కాల్పులు బూటకమనీ, చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లనీ 2022లో వెల్లడైన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక తేల్చింది. చట్టంలో మార్గదర్శకాలున్నాయి, మన మనసులలో లేవు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ప్రవక్త కాకముందు మక్కాలో ‘హిల్ఫుల్ ఫుజూల్’ అనే ఒడంబడికలో పాల్గొన్నారు. అన్యాయానికి గురైనది ఎక్కడో యెమెన్ నుండి వచ్చిన వర్తకుడు. బాకీ ఎగవేసినది మక్కా పెద్ద. ఒడంబడిక చేసినవారు తెగ చూడలేదు, బాకీ చూశారు. ‘హుఖూఖుల్ ఇబాద్’ అని మనం మదరసాలో చదివిన పాఠానికి అర్థం ఇదే. దైవదాసులందరికీ మనం చెల్లించవలసినవి అని.

పౌరహక్కుల ఉద్యమం ‘హక్కు’ను చట్టంలోకి ఎక్కించింది. దాని రెండవ అర్థాన్ని తిరిగి భాషలోకి తేవడం మన వంతు. అది అనువాదకుని పని మాత్రమే కాదు. ఇక ముందు ఎవరైనా నా చేతిలో అటువంటి మిఠాయి పెడితే, వద్దని చెప్పడం కూడా ఒకరికి నేను చెల్లించవలసిన హక్కే.