‘నిర్మాణసామ్యం’: ఒక పారిభాషిక పదం పరిమితి

జీవపరిణామ నిదర్శనాలను వివరించే తెలుగు పాఠ్యగ్రంథాల్లోని ‘నిర్మాణసామ్య అవయవాలు’ అనే పదం పోలికను చెబుతుందే తప్ప పుట్టుకను చెప్పదు. 1843 నాటి రిచర్డ్ ఓవెన్ నిర్వచనమూ అంతే. ఆ సామ్యానికి ఉమ్మడి పూర్వీకులే కారణమని డార్విన్ 1859లో వాదించాడు. తెలుగు పదం ఓవెన్ దగ్గరే ఆగిపోయింది. గబ్బిలం, పక్షి రెక్కలు ముంగాళ్ళుగా నిర్మాణసామ్యాలు, రెక్కలుగా క్రియాసామ్యాలు. విద్యార్థి తికమకపడేది ఇక్కడే. పిండదశలో రెండూ ముంగాలి మొగ్గ నుంచే ఎదుగుతాయి. ఎగరడానికి ఒకదానికి వేళ్ళ మధ్య సాగిన చర్మం, రెండోదానికి ఈకలు. అత్తాపూర్‌లోని సీసీఎంబీ విభాగం లాకోన్స్‌లో, ఆకారమే మిగలని నెత్తుటి మరక నుంచి డీఎన్‌ఏ ద్వారా వన్యప్రాణి జాతిని గుర్తిస్తారు. అక్కడ లెక్కకు వచ్చేది వారసత్వం, రూపం కాదు. ‘సమోద్భవ అవయవాలు’ అంటే పిండోత్పత్తి సాక్ష్యానికీ పేరులో చోటు దొరుకుతుంది. పాత పదం పరీక్షాపత్రాల్లో పాతుకుపోయింది గనుక, కనీసం నిర్వచనంలోనైనా పుట్టుక ప్రస్తావన ఉండాలి.